థీమ్ పార్కుకి ఒక్కడే ఎవడన్నా పోతాడా?

"ఎంతమంది సార్?"

"ఒక్కరే."

"ఒక్కరేనా?"

ఈ మూడో ముక్క వినకుండా నాకు ఇంతవరకు ఏ టికెట్ కౌంటర్లోనూ టికెట్ రాలేదండి. అడిగేవాళ్ళ తప్పేం లేదు. మనవైపు ఒక్కడే వెళ్ళే చోట్లు కొన్నే ఉన్నాయి. ఆఫీసు, ఆసుపత్రి, ఇంకా చెప్పాలంటే కోర్టు. సరదాకి వెళ్ళే చోటికి మాత్రం నలుగురితో పోవాలి. ఒక్కడే పోయాడంటే వాడికేదో అయ్యిందని అర్థం.

పోయినేడాది మా టీమంతా కలిసి హైదరాబాదు దగ్గర ఒక థీమ్ పార్కుకి వెళ్ళాం. పేరెందుకులెండి, తప్పు పార్కుది కాదు, నాది. ఒక పెద్ద రైడ్ ముందు క్యూలో నిలబడి, అలవాటు ఊరుకోక, లెక్క వేశాను. విడతకి ఇరవై నాలుగు మంది. ఎక్కించి, బెల్టులు సరిచూసి, తిప్పి, దించడానికి ఐదు నిమిషాలు. నా ముందు రెండొందల మంది. అంటే నలభై నిమిషాల నిలువుకాళ్ళ కొలువు, రెండు నిమిషాల కేక. ఒక రైడ్ అయ్యాక ఇంకో క్యూ. సాయంత్రానికి మావాళ్ళు "ఏడు కొట్టాం", "మేం తొమ్మిది" అని లెక్కలు చెప్పుకుంటున్నారు. బగ్గులు క్లోజ్ చేసినట్టే ఉంది నాకు.

మధ్యాహ్నం మెల్లగా జారుకుని ఒక వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒక పెద్దావిడ, చుట్టూ తొమ్మిదో పదో బ్యాగులు. కుటుంబమంతా రైడ్ల మీదికి పోతే ఈవిడ సామానుకి కాపలా. కాసేపటికి మాటల్లో పడ్డాం. ఏ మనవడు ఏ రైడ్ ఎక్కాడో, ఎవరికి కళ్ళు తిరిగాయో, రైడ్ నడిపే కుర్రాడు ఎప్పుడు క్యారియర్ విప్పి పెరుగన్నం తిన్నాడో, అన్నీ చెప్పింది. ఆ రోజు ఆ పార్కుని పూర్తిగా చూసిన మనిషి ఆవిడే అనిపించింది. నేను అక్కడ రెండు గంటలు కూర్చున్నా. ఆ ట్రిప్పులో నాకు బాగా గుర్తున్నది కూడా ఆ రెండు గంటలే.

సాయంత్రం బస్సెక్కుతుంటే మా మేనేజరు భుజం మీద చెయ్యేసి, "ఏం బాసూ, అంతా ఓకేనా? ఒంటరిగా కూర్చున్నావంట" అన్నాడు. పాపం మంచి మనిషే. కానీ చూడండి, తొమ్మిది రైడ్లు ఎక్కి వాంతి చేసుకున్నవాణ్ణి ఎవరూ అంతా ఓకేనా అని అడగలేదు :)

ఈ థీమ్ పార్కు అనే ఆలోచన పుట్టిందే బెంచీ మీద. లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ పార్కు అని ఒకటుంది. తన కూతుళ్ళు అక్కడ రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే బెంచీ మీద కూర్చుని చూస్తున్నప్పుడు తనకి ఈ ఊహ వచ్చిందని వాల్ట్ డిస్నీయే చెప్పుకునేవాడు. 1955లో డిస్నీలాండ్ తెరిచారు. తర్వాత ప్రపంచమంతా అలాంటి పార్కులు వచ్చాయి. విదేశాల్లో కొన్ని పెద్ద పార్కుల్లో "సింగిల్ రైడర్" అని ఒక ప్రత్యేకమైన లైను కూడా ఉంటుంది. ఒక్కడే వచ్చినవాణ్ణి అందులో నిలబెడతారు. జంటలూ కుటుంబాలూ కూర్చోగా మధ్యలో మిగిలిపోయిన ఒక్క సీటులో ఇతన్ని ఇరికిస్తారు. క్యూ తొందరగా కదులుతుంది, నిజమే. కానీ దాని అర్థం చూడండి. ఒక్కడంటే మిగిలిన సీటు నింపేవాడన్నమాట.

నేను చెప్పదలచుకున్నది అదే. ఒక్కడే వెళ్ళడం అంటే మిగిలిపోవడం కాదు. అదొక రకం సెలవు. దానికి తగిన చోటు, దానికి తగిన పద్ధతి వేరే ఉన్నాయి. ఆ చోటు మా కర్నూలు, కడపల్లో ఉందని నా వాదన.

నవ్వకండి. మా వైపు రోలర్ కోస్టర్ లేదు, వేవ్ పూల్ అసలే లేదు (నీళ్ళుంటే కదా). కానీ థీమ్ ఉంది. రాయి.

ఇంటర్నెట్లో వెతికి చూడండి, భూగర్భశాస్త్రంలో "కడప", "కర్నూలు" అన్నవి ఊళ్ళ పేర్లే కాదు, రాళ్ళ పేర్లు కూడా. 1872లో విలియం కింగ్ అనే ఆయన జియలాజికల్ సర్వే తరఫున ఈ రెండు పేర్లతోనే పెద్ద పుస్తకం రాశాడు. కడప రాళ్ళలో వంద కోట్ల ఏళ్ళు దాటినవి ఉన్నాయి. అంత దూరం ఎందుకు, బెంగుళూరులోనో పూణేలోనో మీరు అద్దెకుండే ఇంట్లో వంటగట్టు మీద నల్లబండ ఉంటే, దాన్ని అక్కడివాళ్ళు ఏమంటారో అడగండి. "కడప్పా" అంటారు. కరువుకి తప్ప దేనికీ మా పేరు పేపర్లో రాదనుకుంటాం గానీ, సగం దేశం మా రాయి మీదే కూరగాయలు తరుగుతోంది.

సరే, డిసెంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టి కర్నూలు ఇంటికి వెళ్ళాను. ఒర్వకల్లు, బెలుం, గండికోట, చివర్లో కడప. ఒక్కణ్ణే. అమ్మకి చెప్పగానే మొదటి ప్రశ్న: "ఎవురితోనన్నా గొడవ పడినావా నాయనా?" రెండో ప్రశ్న: "ఉద్యోగం ఉందా?" మూడోది అడగలేదు గానీ మొహంలో కనిపించింది. ఎవరైనా అమ్మాయి కాదందా అని :)

నాకు నేను మూడు రూల్సు పెట్టుకున్నా. ఒకటి, శని ఆదివారాలు వద్దు. రెండు, రోజుకి ఒక్క చోటే. మూడు, ఒక చోట కనీసం మూడు గంటలు. ఈ మూడో రూలే అన్నిటికంటే కష్టం. చేసి చూడండి, మొదటి గంటలో మీకు మీరే బోర్ కొడతారు. నలభై నిమిషాలకొకసారి చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతుంది. రెండో గంటలో గానీ కళ్ళు పని మొదలుపెట్టవు.

మొదట ఒర్వకల్లు. కర్నూలు నుంచి నంద్యాల రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. రోడ్డు పక్కనే రాక్ గార్డెన్. 2021లో మొదలైన కర్నూలు విమానాశ్రయం కూడా ఒర్వకల్లులోనే. చిన్నప్పుడు స్కూలు నుంచి తీసుకుపోయేవాళ్ళు. వరసలో నిలబెట్టి, ఆ రాయి ఏనుగులా ఉంది, ఈ రాయి తాబేలులా ఉంది అని చూపించి, పులిహోర పెట్టి వెనక్కి తెచ్చేవాళ్ళు. ఇప్పటికీ వచ్చినవాళ్ళు చేసేది అంతే. మెట్లెక్కి, నీళ్ళ వెనక రాళ్ళు వచ్చేలా ఫోటో దిగి, పడవ ఉంటే ఎక్కి, హోటల్లో తిని వెళ్ళిపోతారు. గంట చాలు.

నేను పొద్దున్నే వెళ్ళాను. ఒక ఎత్తైన రాయి నీడ చూసుకుని కూర్చున్నా. అక్కడ ఒక్కడే చెయ్యదగ్గ మొదటి పని: నీడతో పాటు జరగడం. ఎండ జరిగినకొద్దీ మీరూ జరుగుతారు, అలా మూడు గంటల్లో ఐదారు చోట్ల కూర్చుంటారు, ఐదారు చోట్ల నుంచి అవే రాళ్ళు చూస్తారు. ఎనిమిదింటికి ఏనుగులా ఉన్న రాయి పదింటికి ఏనుగు కాదు. ఎవరూ పక్కన లేరు కాబట్టి "అదిగో ఏనుగు" అని ఒప్పించాల్సిన పనీ లేదు. నాకొక రాయి అచ్చం మా ఇంజనీరింగు కాలేజీ ల్యాబ్ అసిస్టెంటులా కనిపించింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు చెప్తున్నా.

రెండో పని: నీళ్ళ మడుగుల దగ్గర ఊరికే ఉండటం. దిగడం కాదు, దయచేసి దిగకండి. లోతు తెలీదు, పైగా పక్కన ఎవరూ ఉండరు. ఊరికే చూడండి. గాలి ఆగినప్పుడు రాయి నీళ్ళలో తలకిందులుగా నిలబడుతుంది. ఒక తొండ నా బూటు దాకా వచ్చి, ఇది కూడా రాయేలే అనుకుని వెళ్ళిపోయింది. ఒక్కడే ఉంటే వచ్చే గౌరవం ఇది, గుంపులో ఉంటే రాదు. అన్నట్టు ఓపికుంటే ఈ ఒర్వకల్లు వైపే కేతవరం దగ్గర గుహల్లో చరిత్రకు ముందటి మనుషులు గీసిన బొమ్మలున్నాయి. దారి తెలిసిన ఊరివాళ్ళు తోడు లేకుండా వెళ్ళొద్దు. ఇక్కడ మాత్రం నేను "ఒక్కడే" అనే పట్టు పట్టను.

మర్నాడు బెలుం. నంద్యాల, బనగానపల్లె మీదుగా కొలిమిగుండ్ల వైపు వెళ్ళాలి. 2022లో జిల్లాలు విడగొట్టాక ఇది నంద్యాల జిల్లాలోకి పోయింది, మా నోటికి మాత్రం ఇంకా కర్నూలే. దారి పొడవునా నాపరాయి. ఇంటి గోడకి అదే, ఇంటి కప్పుకి అదే, చేను గట్టున నిలబెట్టిన కంచె అదే. ఒకచోట బస్టాపు బెంచీ కూడా నాపబండే. బస్సు కిటికీ దగ్గర సీటు దొరికితే ఇదే ఒక రైడు. తీరిగ్గా చూడండి.

బెలుం గుహల గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు. మన దేశంలో పాతరాతి యుగం పనిముట్లు మొదట గుర్తించింది కూడా ఆయనే. ఆ తర్వాత దాదాపు వందేళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1982, 83ల్లో డేనియల్ గెబావర్ అనే జర్మన్ ఆయన తన బృందంతో వచ్చి లోపల కొలతలు తీశాడు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002లో పర్యాటక శాఖ లైట్లు పెట్టి, లోపలికి గాలి పంపే ఏర్పాటు చేసి జనానికి తెరిచింది. మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అంతకు ముందు దాన్ని ఒక బిలం అనుకున్నారు, అంతే. మనింటి పెరట్లో ఉన్నదానికి కొలత తీయడానికి జర్మనీ నుంచి మనిషి రావాల్సి వచ్చింది చూడండి, ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా కొంచెం సిగ్గేస్తుంది.

లోపల మామూలుగా జరిగేది ఏంటంటే, ఒక గుంపు వస్తుంది, ఈలలు వేస్తుంది, ప్రతిధ్వని వింటుంది, సప్తస్వరాల గుహలో స్తంభాలు కొడుతుంది, పాతాళగంగ దాకా దిగి, చెమటలు కక్కుతూ పైకి పరిగెడుతుంది. నేను కనిపెట్టిన కిటుకు చాలా చిన్నది. గుంపు వెనకే వెళ్ళకండి. ఒక గుంపు పోయాక, ఇంకో గుంపు వచ్చేలోపు పది నిమిషాల ఖాళీ దొరుకుతుంది. దారి తప్పకుండా, లైట్లున్న బాట మీదే, గోడకి ఒక పక్కగా నిలబడండి. ఆ పది నిమిషాలే అసలు టికెట్టు. నీటిచుక్క పడే చప్పుడు ముందు ఒకచోట వినిపిస్తుంది, తర్వాత ఇంకోచోట. రాతి మీద నీళ్ళు పారిన ఆనవాళ్ళు చెక్క మీద పోగుల్లా ఉంటాయి. ఈ గుహని చెక్కింది ఆ నీళ్ళే. ఇప్పుడు చుట్టూ బోర్లు వేసినా నీళ్ళు పడని నేల, దాని కింద నీళ్ళు కట్టిన మైళ్ళ మేడ! నాకు అక్కడ కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే మావాళ్ళు నమ్మరు, చెమట అనుకుంటారు. కొంత చెమటే.

స్తంభాలు కొట్టొద్దని నా మనవి. వందల వేల ఏళ్ళు చుక్క చుక్కగా పెరిగినదాన్ని సరిగమలు వస్తాయో లేదో చూడటానికి అందరూ తలా ఒక దెబ్బ వేస్తే ఎన్నాళ్ళు ఉంటుంది? ఇంకోటి, లోపల ఉక్కపోత ఎక్కువ. ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్ళు ఒక్కరే దిగకండి. పైకొచ్చాక గుహ దగ్గర పెద్ద బుద్ధుడి విగ్రహం ఉంది. దాని వైపు చూస్తూ కూర్చుని నీళ్ళు తాగితే, ఎర్రటి ఎండ కూడా చల్లగా ఉంటుంది. ఇది ఏ ఏసీ కంపెనీ వాడూ ఇవ్వలేని సౌకర్యం.

మూడో రోజు గండికోట. జమ్మలమడుగు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. 2016లో మొదలైన నంద్యాల - ఎర్రగుంట్ల రైలు దారి కూడా బనగానపల్లె, జమ్మలమడుగు మీదుగానే పోతుంది, రైలంటే ఇష్టమున్నవాళ్ళు ఆ వేళలు చూసుకోండి. గండికోట గురించి కొత్తగా చెప్పేదేముంది, "ఇండియా గ్రాండ్ కేనియన్" అని అందరూ అంటారు. ఆ మాట నాకు అస్సలు నచ్చదు. పెన్న గండి కొట్టింది కాబట్టి గండి, దాని మీద కట్టారు కాబట్టి కోట. ఎంత శుభ్రమైన పేరు! అక్కడి రాతికి కూడా భూగర్భశాస్త్రంలో "గండికోట క్వార్ట్‌జైట్" అనే పేరు. సొంత పేరు ఇంత ఘనంగా ఉండగా అమెరికా వాడి పేరు అరువు తెచ్చుకోవడం ఎందుకు చెప్పండి.

అక్కడికి వచ్చినవాళ్ళు నేరుగా లోయ అంచుకి పోతారు. సెల్ఫీ. ఇంకో సెల్ఫీ. అరగంట. నేను అంచుకి చివర్లో పోయాను. ముందు ధాన్యాగారం. మండే మధ్యాహ్నం ఆ మందపాటి గోడల మధ్య చల్లదనం ఉంటుంది చూడండి, తిండి గింజలకి అంత మంచి ఇల్లు కట్టారా అనిపిస్తుంది. తర్వాత జామా మసీదు, దాని చుట్టూ చిన్న చిన్న గదులు. అటువైపు మాధవరాయస్వామి గుడి. మసీదు మెట్ల మీద కూర్చుంటే గుడి గోపురం కనిపిస్తుంది. మంటపంలో కూర్చుంటే మసీదు మినార్లు కనిపిస్తాయి. రెండు చోట్లా గంటేసి కూర్చున్నా. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి, కోటని గెలిచిన మీర్ జుమ్లాని కలవడానికి ఇక్కడికి వచ్చాడు. ఆయనా ఈ నీడల్లోనే ఎక్కడో ఎదురుచూస్తూ కూర్చునుంటాడు. బహుశా టికెట్ కౌంటర్లో "ఒక్కరేనా?" అని మాత్రం అడిగుండరు.

కోట లోపల ఇప్పటికీ ఊరుంది. సాయంత్రం గొర్రెలు తోలుకుపోతున్న ఒక తాత నన్ను చూసి ఆగాడు.

"ఎవురి కోసరం చూస్తాండావు సామీ?"

"ఎవరి కోసం కాదు తాతా. ఊరికే కూర్చున్నా."

కాసేపు చూశాడు. "అట్లయితే బాగా కూసో" అని, పంచె కొంగులోంచి గుప్పెడు చెనిగ్గింజలు తీసి నా చేతిలో పోసి వెళ్ళిపోయాడు. నాలుగు రోజుల్లో నన్ను అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆయనే. ఆయనకి రోజూ అదే పని కదా, కొండ మీద ఒక్కడే కూర్చోవడం. దానికి ఆయన సోలో ట్రావెల్ అని పేరు పెట్టుకోలేదంతే.

సూర్యాస్తమయం అంచు దగ్గర చూశాను, కానీ అంచుకి పది అడుగుల వెనక. ఒక్కరే వెళ్ళేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. కాలు జారితే చెప్పడానికి పక్కన మనిషి ఉండడు. ఎక్కడున్నారో ఇంట్లో ఒకరికి రోజూ మెసేజ్ పెట్టండి, నీళ్ళు రెండు లీటర్లు మొయ్యండి, ఏప్రిల్ మే నెలల్లో అసలు వద్దు.

నాలుగో రోజు కడపలో బ్రౌన్ గ్రంథాలయం. సి.పి. బ్రౌన్ 1820లో కడపకి ఉద్యోగానికి వచ్చి, తెలుగు నేర్చుకుని, తర్వాత మన పుస్తకాల కోసం ఎంత చేశాడో మీకు తెలిసిందే. ఆయన బంగళా ఉన్న చోటనే ఈ గ్రంథాలయం. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఎంతో శ్రమపడి నిలబెట్టింది. పొద్దున ఒక కారం దోసె తిని వెళ్ళి, సాయంత్రం దాకా కూర్చున్నా. సెలవులో లైబ్రరీ ఏంట్రా అని మా ఫ్రెండు నవ్వాడు. మూడు రోజులు రాళ్ళ మధ్య తిరిగాక ఫ్యాను కింద చెక్క కుర్చీలో కూర్చుంటే అంతకంటే రిసార్టు ఇంకోటి లేదు. పైగా ఒక్కడే వచ్చావేం అని అడగని చోటు అదొక్కటే.

ఇక్కడిదాకా సరదా కబుర్లు. ఇప్పుడు నాకు బెంగ పుట్టించే సంగతి.

2024 చివర్లో గండికోట అభివృద్ధికి కేంద్రం 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. సంతోషమే. మా వైపు డబ్బు రావడమే అరుదు. కానీ మన దగ్గర అభివృద్ధి అనగానే వచ్చే ఊహ ఒక్కటే. రంగు లైట్లు, పెద్ద స్పీకర్లు, "ఐ లవ్" బోర్డు, తాడు మీద వేలాడే రైడ్లు. అంటే హైదరాబాదులో ఉన్న థీమ్ పార్కుని ఇక్కడ చిన్న సైజులో దించడం. రైడ్లు కావాలంటే హైదరాబాదు వైపు ఉన్నాయి, మా కర్నూలు నుంచి నాలుగు గంటల దూరం కూడా లేదు. గండికోట నిశ్శబ్దం మాత్రం హైదరాబాదులో దొరకదు. ఉన్నదాన్ని చెరిపి, పక్కవాడి దగ్గర ఉన్నదాని నకలు పెట్టుకోవడం తెలివైన పని కాదు.

మీరు అడగొచ్చు, నేనూ అడుక్కున్నాను. "నెలజీతం తీసుకునేవాడివి, నీకు నిశ్శబ్దం కావాలి. అక్కడ సోడాలు అమ్ముకునేవాడికి జనం కావాలి. ఎవరి మాట చెల్లాలి?" న్యాయమైన ప్రశ్న. కానీ నాకు తెలిసినంత లెక్క చెప్తా. బస్సులో నలభై మంది వచ్చారు, బిర్యానీ పొట్లాలు వెంట తెచ్చుకున్నారు, అరగంటలో ఫోటోలు దిగి, పొట్లాలు అక్కడే పారేసి వెళ్ళారు. నేను ఒక్కణ్ణే ఆ రోజంతా ఉండి నాలుగు టీలు తాగి, రాత్రికి సంగటి తిని, ఆటోకి ఇచ్చి, గది అద్దె కట్టా. టీ కొట్టాయన్నే అడిగితే "నిల్చేటోళ్ళు వస్తే మాకు బాగుంటాది అబ్బీ, ఉరికేటోళ్ళతో ఏముంది" అన్నాడు. నిలబడే మనిషి కోసం చోటు కట్టండి, సోడా బండీ బతుకుతుంది, నిశ్శబ్దమూ బతుకుతుంది. దానికి కావాల్సినవి లేజర్ షోలు కాదు. నీళ్ళు, నీడ, శుభ్రమైన మరుగుదొడ్డి, చీకటి పడ్డాక జమ్మలమడుగు చేర్చే ఒక బస్సు.

ఇదంతా ఇంట్లో గొప్పగా చెప్తుంటే మా చెల్లెలు మధ్యలో ఆపింది. "నీకేమన్నా, మగపిల్లోడివి. ఏ రాయి మీదన్నా కూర్చుంటావు. నేను పోతానంటే?" అంది. అమ్మ వంటింట్లోంచి "ఊరుకోవే" అంది. నేను ఏమీ అనలేకపోయా. మూడు రూల్సు చెప్పానే, అందులో నాకు తెలియకుండా దాక్కున్న నాలుగో రూలు ఉంది. అది మగవాడై ఉండటం.

పోయిన నెల దానితో ఒర్వకల్లు వెళ్ళాను. షరతు దానిదే: "నువ్వు రా, కానీ నాతో మాట్లాడొద్దు, దూరంగా కూర్చో." టికెట్లు కూడా విడివిడిగా తీసుకున్నాం. అది ఒక రాయి నీడలో పుస్తకం పట్టుకుని కూర్చుంది, నేను కనిపించేంత దూరంలో ఇంకో రాయి మీద. రెండు గంటలు. నన్ను ఒక్కరు కూడా పలకరించలేదు. దాన్ని ఆరుగురు అడిగారు. నేను లెక్కపెట్టా. "ఎవరి కోసం?" "ఒక్కదానివేనా?" "ఇంట్లో తెలుసా?" ఇద్దరు కుర్రాళ్ళు ఏమీ అడగలేదు, ఊరికే ఎదురుగా వచ్చి నిలబడ్డారు. అది పుస్తకంలోంచి తలెత్తలేదు, కానీ గంటసేపటి నుంచి పేజీ కూడా తిప్పలేదు. నేను లేచి నాలుగడుగులు ముందుకు వచ్చాక వాళ్ళు పోయారు.

గండికోటలో తాత నన్ను అడిగిందీ అదే ప్రశ్న కదా, ఎవరి కోసమని. కానీ ఆయన జవాబు విని, కూసో అన్నాడు. మా చెల్లెల్ని అడిగినవాళ్ళలో ఒక్కరు కూడా ఆ మాట అనలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇప్పుడు కొంచెం మారింది. ఒక్కరే వెళ్ళండి, నిదానంగా ఉండండి అని మీకు చెప్పడం తేలికే. కర్నూలు, కడపల్లో ఏ చోటు బాగుందో కొలవడానికి నాకు ఇప్పుడు ఒకటే కొలత. మా చెల్లెలు అక్కడ ఒక్కతే మూడు గంటలు కూర్చుని ఎన్ని పేజీలు తిప్పగలదు? లైట్లు ఎన్ని పెట్టారు, ఎన్ని కోట్లు పెట్టారు అనేవి తర్వాత. తిరిగే మహిళా సిబ్బంది ఉంటే, మరుగుదొడ్డి పనిచేస్తుంటే, ఆఖరి బస్సు వేళకి వస్తే, ఎదురుగా నిలబడి చూసేవాణ్ణి "ఏం పని ఇక్కడ?" అని అడిగే మనిషి ఒక్కడుంటే ఆ పేజీలు పెరుగుతాయి. మిగతాది మన చేతిలో ఉంది. మీరు ఎక్కడికైనా వెళ్ళినప్పుడు రాయి మీద ఒక్కతే కూర్చున్న అమ్మాయి కనిపిస్తే ఏమీ అడక్కండి. పక్క నుంచి వెళ్ళిపోండి. ఆ తొండ నా బూటు దగ్గర నుంచి వెళ్ళిపోయినట్టు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను, ఎలా ఉంది అని. "పుస్తకం సగం కూడా కాలేదన్నా" అంది. కాసేపాగి, "మళ్ళీ పోదాం. ఈసారి ఇంకొంచెం దూరంగా కూర్చో" అంది.